తుప్పు ఎంతవరకు వదిలించాలి?

టాయ్ ట్రైన్ అనగానే మనలో చాలామందికి ఊటీ రైలో, కబ్బన్ పార్కు బాలభవన్‌లోని పుటాణి ఎక్స్‌ప్రెస్సో గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది అంతకన్నా చాలా చిన్నది. కీ ఇస్తే పరుగెత్తే రేకు రైలు. మా తాతయ్యకు వాళ్ళన్నయ్య దగ్గర నుంచి వచ్చిన హార్న్‌బీ ఇంజనూ, రెండు పెట్టెలూ, కొన్ని పట్టాలూ మా ఇంటి అటక మీద దొరికాయి. అన్నిటికీ తుప్పే. "స్ప్రే పెయింటు కొట్టిస్తే కొత్తదానిలా ఉంటుంది కదే" అన్నాడు మామయ్య. నేను వద్దన్నాను. ఎందుకో చెబుతాను.

ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో కంపెనీ 1920లో ఈ రైళ్ళు మొదలుపెట్టింది. పట్టాల మధ్య వెడల్పు 32 మిల్లీమీటర్లు. దీన్ని 'ఓ గేజ్' అంటారు. బండి ఒళ్ళంతా సన్నటి ఉక్కు రేకు, దానిపైన తగరం పూత. చిన్న బండ్లలో చాలావాటికి రంగు బ్రష్షుతో వేసింది కాదు. రేకు చదునుగా ఉన్నప్పుడే బొమ్మ అచ్చువేసి, తర్వాత కత్తిరించి మడిచేవారు. కిటికీలు, గీతలు, అంకెలు అన్నీ అచ్చులోవే. గీకేస్తే మళ్ళీ రావు.

మరి తగరం పూత ఉండగా తుప్పెలా పట్టింది? పూత చెక్కుచెదరనంతకాలం తేమ ఉక్కును తాకదు. గీత పడితే కథ మారుతుంది. జింకు పూసిన బకెట్టుకి గీత పడితే, జింకు ముందు తాను కరిగి ఇనుమును కాస్తుంది. తగరం అలా కాదు. తాను క్షేమంగా ఉండి ఉక్కునే ముందు బలిపెడుతుంది. అందుకే గోరంత గీత దగ్గర మొదలైన తుప్పు రంగు కిందకి పాకుతుంది.

పనిలోకి దిగేముందు ఒక జాగ్రత్త. పాత బొమ్మల రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదన్న నిబంధన వచ్చిందే 2016లో. కాబట్టి శాండ్ పేపరుతో పొడిగా రుద్దకండి. గ్లౌజులు, మాస్కు వేసుకోండి. వంటింట్లోనూ, చిన్నపిల్లల దగ్గరా ఈ పని వద్దు.

అచ్చురంగు ఉన్న రేకుకి కుట్టుమిషను నూనె చాలు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, నూనెను దూదితో అద్ది, ఒక రాత్రి ఉంచి మెల్లగా తుడవాలి. ముందు కనబడని మూల ఒకటి చూసుకుని అక్కడ ప్రయత్నించండి. వదులు తుప్పు పోతుంది, మచ్చ మిగులుతుంది. మిగలనివ్వండి.

ఇరుసులు, కొక్కేల వంటి రంగులేని ఉక్కు ముక్కల్ని కొన్ని గంటలు వెనిగర్‌లో నానబెట్టవచ్చు. చింతపండు పులుపు ఇత్తడి బిందె మీది చిలుమును వదిలించినట్టే, ఇది తుప్పును కరిగిస్తుంది. తీశాక వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. అచ్చురేకును మాత్రం వెనిగర్‌లో ముంచకండి, రంగు పెచ్చులుగా లేస్తుంది. స్ప్రింగు ఉన్న డబ్బాను విప్పకండి. అది ఒక్కసారిగా విచ్చుకుంటే వేళ్ళు తెగుతాయి.

తుప్పునైనా ఆపవచ్చు గానీ, ఆపలేని జబ్బు ఇంకొకటుంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు జింకు మిశ్రమంతో పోతపోసిన కొన్ని చక్రాల్లో సీసం వంటి మలినాలు కలిశాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి ఉబ్బి, పగిలి, పొడి అవుతాయి. దానికి మందు లేదు. మా ఇంజనుకు రెండు చక్రాలు అలాగే పోతే కొత్తవి వెయ్యాల్సి వచ్చింది.

ఇక లేఅవుట్. హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ కాదండోయ్, పట్టాలు పరిచే పలక! ఒక అడుగు వ్యాసార్ధం ఉన్న వంపు పట్టాలైతే, 75 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ మీద పూర్తి చుట్టు పడుతుంది. వానాకాలంలో చెమ్మగోడకి ఆనించకండి. రైలు దాచే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి.

ఇప్పుడు మామయ్య మాటకొస్తాను. ఒక పెట్టె అడుగున తాతయ్య చిన్నప్పుడు మేకుతో తన పేరు గీసుకున్నారు. ఆ గీతల్లోనే తుప్పు పట్టింది. ఆ పేరు ఈరోజు కనబడుతోందంటే తుప్పు రంగులోనే. దాన్ని పూర్తిగా గీకితే పేరు పోతుంది, రంగేస్తే మూసుకుపోతుంది. అందుకే అక్కడ నూనె మాత్రం అద్ది, తుప్పు ఇంకా పాకకుండా ఆపాను. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాస్తారని మనం చదువుకున్నాం. ఆకును కాపాడతారే గానీ లేఖకుడి అక్షరాల మీద కొత్త అక్షరాలు దిద్దరు కదా. ఇదీ అంతే.

మీ అటకల మీద కూడా ఇలాంటివి ఉంటే, పాత సామాన్లవాడికి వేసేముందు ఒకసారి తిరగేసి అడుగున చూడండి.