తూము దగ్గరి రైతు: శ్రీలంక చెరువుల నీటి పంపకం

శాక్య కోలియుల రోహిణీ జలవివాదం ధమ్మపద అట్టకథ చదివినవారందరికీ పరిచితమే. నీటికన్నా క్షత్రియుల ప్రాణాలు విలువైనవని బుద్ధ భగవానుడు ఉభయపక్షాలకూ తెలియజెప్పిన ఘట్టాన్నే మనం తరచుగా ఉదాహరిస్తాము. దానికి ముందున్న ఒక వివరం మన చర్చలలో అంతగా కనిపించదు. కలహం దేనికని బుద్ధుడు ప్రశ్నించినప్పుడు రాజులకు కారణం తెలియదు. వారు సేనాపతిని చూపుతారు, సేనాపతి ఉపరాజును చూపుతాడు. ఇలా ఒకరి తరువాత ఒకరిని అడుగుతూ పోగా, చివరకు పొలంలో పనిచేసే దాసులూ కర్మకరులూ అది నీటి తగాదా అని చెబుతారు. జ్యేష్ఠమాసపు ఎండకు పైరు వాడిపోతున్నదనీ, ఒక్క తడి అందితే పంట చేతికి వస్తుందనీ, కట్ట వెనుక నిలిచిన నీరు ఇరువురికీ చాలదనీ ఎరిగినవారు వారే. యుద్ధం ఆగింది. నీటిని ఆ పిమ్మట ఎలా పంచుకున్నారో మాత్రం కథ చెప్పదు.

నీటి పంపకాన్ని తెలుసుకొనుటకు శ్రీలంకలోని వర్షాభావ ప్రాంతం మంచి ఆధారం. అక్కడ చెరువుకూ విహారానికీ గల సంబంధం తొలి బ్రాహ్మీ శాసనాల నాటిది. గుహాదాతలలో కొందరు తమను ‘వాపిహమిక’, అనగా చెరువు యజమాని, అని పేర్కొన్నారు. ఏ మాటలతో ఇచ్చిన చెరువును సంఘం స్వీకరించవచ్చునో, ఏ మాటలతో ఇచ్చినది కూడదో సమంతపాసాదిక చర్చించింది. 10వ శతాబ్దికి చెందిన నాలుగవ మహిందుని వెస్సగిరియ శాసనం తిస్స చెరువు నుండి విహార భూములకు నీరు అందవలసిన తీరును ప్రస్తావించింది. ఇవన్నీ హక్కుల పత్రాలు. తూము తెరిచినవాడు ఎవడో, కరవు ఏట ఎవరి మడి ఎండిందో వీటిలో దొరకదు. ప్రాచీన తూముల నిర్మాణాన్ని మనం ఎంతో కొనియాడుతాము గాని, వాటి పక్కన నిలిచిన మనిషిని గురించి అడగడం అరుదు.

ఆ మనిషి జాడ గ్రామాచారంలో మిగిలి ఉంది. ‘బెత్మ’ అనే పద్ధతిని చూడండి. చెరువులో నీరు ఆయకట్టులో మూడవ వంతుకే సరిపోతుందని తేలితే, రైతులు సమావేశమై కట్టకు దగ్గరగా ఉన్న మూడవ వంతు భూమిని మాత్రమే సాగుచేయుటకు నిర్ణయిస్తారు. ఆ భూమి ఎవరిదైనా సరే, ఆ పంటకాలానికి గట్లను పక్కనబెట్టి ఆయకట్టుదారులందరికీ వారి వారి భాగాల నిష్పత్తిలో పంచుతారు. కాలువ పొడవు తగ్గుతుంది కనుక ఇంకిపోయే నీరూ తగ్గుతుంది. 1954లో పుల్ ఎలియ గ్రామాన్ని పరిశీలించిన ఎడ్మండ్ లీచ్, పాత ఆయకట్టులో ఒక్కొక్క కుటుంబానికి ఎగువన ఒక చెక్క, దిగువన ఒక చెక్క ఉండేటట్లు భూమిని విభజించిన తీరును వివరించాడు. కరవు భారాన్ని భూమి విభజనలోనే పంచివేశారన్నమాట. అయితే దీనిని సంపూర్ణ సమానత్వంగా కీర్తించడం సరికాదు. భూమి లేనివానికి బెత్మలో భాగం లేదు.

నీటి వంతులను ‘వెల్ విదానె’ అనే గ్రామాధికారి చూచేవాడు. అతని ప్రతిఫలం పంటలో కొంత భాగం. 1958 నాటి వరిభూముల చట్టం ఆ పదవిని తొలగించి సాగు సంఘాలను ఏర్పరచింది. పెద్ద జలాశయాల కింద కొత్తగా స్థిరపడిన రైతులకైతే ఇటువంటి ఆచారబలం మొదటి నుండీ లేదు. గాల్ ఓయ ఎడమ కాలువ ఇందుకు ఉదాహరణ. ఎగువన ఎక్కువగా సింహళ రైతులు, చిట్టచివర తమిళ రైతులు. చివరి పొలాలకు నీరు అందడమే గగనం.

1981లో శ్రీలంక వ్యవసాయ పరిశోధన శిక్షణ సంస్థ, కార్నెల్ విశ్వవిద్యాలయం కలిసి యువ పట్టభద్రులను అక్కడి గ్రామాలలో నివసించుటకు పంపాయి. వారు ముందుగా సంఘాలను ప్రకటించలేదు, ఎన్నికలు పెట్టలేదు. ఒక్కొక్క పిల్లకాలువ మీద ఆధారపడిన పది ఇరవై మంది రైతులను ఒకచోట చేర్చి, సమస్య ఏమిటో వారినే చెప్పమన్నారు. జలాశయంలో నీరు చాలా తక్కువగా ఉన్న ఆ ఏటనే రైతులు పూడిన కాలువలను తామే తీసుకొని, వంతులు పెట్టుకొని, మిగిలిన నీటిని దిగువకు వదిలారు. కొన్ని చోట్ల ఆ నీరు తమిళ రైతుల పొలాలకు చేరింది. దేశంలో జాతి వైషమ్యాలు ముదురుతున్న రోజులవి. ప్రతినిధిని ఏకాభిప్రాయంతో ఎన్నుకోవడం తరువాతి మెట్టు. ఈ అనుభవాన్ని నార్మన్ ఉఫాఫ్ 1992లో గ్రంథస్థం చేశాడు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం మరొక క్రమాన్ని అనుసరించింది. చట్టం ముందు, ఎన్నిక తరువాత, కలసి పనిచేసే అలవాటు ఆపైన రావలసి ఉండినది. సంఘాలు వేల సంఖ్యలో ఒక్కమారుగా ఏర్పడ్డాయి. వైశాల్యంలో గాల్ ఓయ దీనికి సాటిరాదు. కాని నా దృష్టిలో ఈ తలక్రిందుల క్రమమే అనేకచోట్ల సంఘాన్ని మరమ్మతు పనుల కాంట్రాక్టుకు పరిమితం చేసింది. తెలంగాణ చెరువుల కింద యాసంగికి నీటిని బట్టి విస్తీర్ణం ముందే తేల్చే తైబందీ, రాయలసీమలో తూము చూచే నీరుగంటి వంటివి బెత్మకూ వెల్ విదానెకూ దగ్గరి చుట్టాలు. చట్టం వాటి మీద నిలబడి ఉండవచ్చును.

పరిశోధకులుగా మనకు ఇందులో పని ఉంది. బౌద్ధక్షేత్రాల పరిసరాల చెరువులను నమోదు చేసేటప్పుడు కట్ట పొడవు, తూము కొలతలు, ఇటుకల పరిమాణం రాసుకుంటాము. అదే పత్రంలో నీరుగంటి కుటుంబం ఏది, వంతులు ఎలా తిరిగేవి, తూము రాతిపై ఏ గుర్తు దాకా నీరు దిగితే సాగు తగ్గించేవారు అన్న మూడు ప్రశ్నలకు చోటు ఉండాలి. బోర్లు వచ్చిన తరువాత ఈ సమాధానాలు తెలిసినవారు వృద్ధులలోనే మిగిలారు.