వాహనపు సీటుకు తొడుగు కుట్టుట

రేడియో యున్న ప్రతి యింటిలోను ఒకప్పుడు దానికొక గుడ్డ తొడుగు కూడ నుండెడిది. అంచుకు అల్లిక, నడుమ పువ్వో చిలుకో కుట్టిన ఆ తొడుగును ఇంటి ఆడువారే తయారు చేసెడివారు. ఆ తొడుగు కుట్టిన చేతికి, పెట్టెవంటి వస్తువును గుడ్డతో కప్పుట యెట్లో తెలిసినట్లే: పైకొక ముక్క, చుట్టును ఒక పట్టీ, రెండింటిని కలుపు కుట్టు. మోటారు సైకిలు సీటుకు గాని, ఆటోరిక్షా సీటుకు గాని, కారు సీటుకు గాని వేయు తొడుగు మూలమున ఇంతే. అయినను రేడియో తొడుగు చక్కగా కుట్టినవారు మొదటిసారి సీటు తొడుగునకు పూనుకొన్నచో, దానిని దాదాపు తప్పక చెడగొట్టుదురు. ఏలయన, రేడియో మీద ఎవరును కూర్చుండరు.

కరీంనగరము మీదుగా రామగుండము పోవు రాజీవ్ రహదారి వెంబడిని, నిర్మల్, ఆదిలాబాదుల మీదుగా నాగపురము పోవు జాతీయ రహదారి వెంబడిని ఊరి మొదటనో చివరనో ‘కుషన్ వర్క్స్’ అను బోర్డు కానవచ్చును. నిజాము రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించిన నాటినుండి మన సీమలో మోటారు సీటు ప్రజలకు పరిచయమైన వస్తువే. ఇప్పుడు కార్లకు తయారు తొడుగులు పెట్టెలలో వచ్చుచున్నవి. కాని పత్తి లాగు ట్రాక్టరునకు, పల్లెలకు మనుష్యులను చేర్చు పాత జీపునకు, యజమాని తన యిష్టము వచ్చినట్లు మార్పించుకొన్న ఆటోకు సరిపడు తొడుగు ఏ పెట్టెలోను రాదు. అక్కడ నాపు తీసి కుట్టువాడే దిక్కు. అందుచేతనే ఈ పని నేర్చుకొనవలెనను కోరిక జాకెట్లు కుట్టు స్త్రీలకును, దుకాణములో స్పంజి పట్టుకొని నిలుచుండు కుర్రవానికిని కలుగుచున్నది. ఆ కోరిక మంచిదే. దానికి ఎక్కడ ఆరంభింపవలెనను విషయమే ఇచట చెప్పదలచితిమి.

ఆరంభించువారు మొట్టమొదట కొనునది మిషను. అది పొరపాటని మా యభిప్రాయము. మొదట కావలసినది ఒక చినిగిన పాత తొడుగు. దానిని కత్తెరతో చించక, బ్లేడు మొనతో కుట్టు కుట్టుగా విప్పవలెను. విప్పుటకు ముందే ప్రతి ముక్కమీదను సుద్దతో అంకె వేసి, ముందువైపు ఏదో బాణపు గుర్తు పెట్టి, రెండు ముక్కలు కలియు తావున అడ్డముగా చిన్న గీతలు గీయవలెను. ఈ గీతలే రేపు కొత్త ముక్కలను తిరిగి కలుపునపుడు దారి చూపును. విప్పిన ముక్కలను పాత వార్తాపత్రిక మీద పరచి అచ్చు తీసికొన్నచో, అరంగుళము కుట్టు వాసి ఎక్కడ వదలినారో, వంపు దగ్గర అంచుకు చిన్న చిన్న గాట్లు ఎందుకు పెట్టినారో కంటికే తెలియును. పాతముక్క ఏండ్ల తరబడి సాగియుండునని మాత్రము మరువరాదు. సీటుమీద టేపుతో కొలిచి చూచి ఆ సాగుడును అచ్చులో తగ్గించుకొనవలెను.

ఇక రెక్సిను సంగతి. ఒకానొక బ్రిటిషు కంపెనీ తన సరకుకు పెట్టుకొన్న పేరది. తోలువలె కనబడు ప్రతి బట్టకును మనము దానినే వాడుకొనుచున్నాము. నేడు అంగడిలో దొరకునది ఎక్కువగా గుడ్డమీద ప్లాస్టికు పూత పూసినది. సాధారణముగా 54 అంగుళముల వెడల్పున మీటరు లెక్కను అమ్ముదురు. నూలుబట్టకును దీనికిని గల భేదము ఒక్క మాటలో చెప్పవచ్చును: నూలుబట్ట తప్పును క్షమించును, రెక్సిను క్షమింపదు. నూలులో కుట్టు విప్పినచో, తడిపి ఇస్త్రీ చేయగా చిల్లు పూడును. రెక్సినులో సూది దిగిన చిల్లు శాశ్వతము. గుండుసూదులతో గుచ్చి పట్టుటయు, కచ్చా కుట్టు వేయుటయు పనికిరావు. బట్టలారవేయు క్లిప్పులతో అంచులు బిగించుకొనవలెను. కుట్లు దగ్గర దగ్గరగా వేసినచో గట్టిగా నుండునని జాకెట్లు కుట్టి అలవాటైన చేయి అనుకొనును. ఇక్కడ ఫలము విపరీతము. తపాలాబిళ్ళల కాగితమునకు చిల్లులు వేసినట్లై, మనిషి రెండుమార్లు ఎక్కి దిగగానే ఆ గీత వెంబడి చిరుగును. అంగుళమునకు ఆరేడు కుట్లు చాలును. సూది 16వ నంబరో 18వ నంబరో కావలెను. దారము పాలియెస్టరుదో నైలానుదో కావలెను. నూలుదారము ఎండకును చెమటకును కుళ్లిపోవును.

ఇంటిలోని కాలి మిషనుతో ఈ పని యగునా యని అడుగువారు కలరు. రెండు పొరలు యగును. చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు పోవలెను. పైపింగు చేర్చగా నాలుగు పొరలైన చోట సూది వంగును, బట్ట క్రిందిపొర ముందుకు జరుగును, పైపొర పాదమునకు అంటుకొని నిలిచిపోవును. పాదము క్రింద పలుచని కాగితము వేసి కుట్టి, పిమ్మట కాగితము చించి వేయుట ఒక ఉపాయము. పని నిలబడిన తరువాత పై పాదము కూడ బట్టను నడిపించు పెద్ద మిషను కొనవచ్చును. పైపింగు లేనిదే సీటుకు అందము లేదని కొందరు పట్టుబట్టుదురు. ఆరంభించినవాడు ఆ జోలికి పోకుండుట మేలు.

అందమును గూర్చి ఇంకొక మాట. మోటారు సైకిలు సీటు నడుమ రెండు రంగుల పట్టీలు, గళ్లకుట్టు వేయించుకొను వేడుక మన పట్టణములలో ఎక్కువ. వాన వచ్చినపుడు ఆ కుట్ల చిల్లులనుండియే నీరు స్పంజిలోనికి దిగును. ఆకాశము తేటపడిన గంటకు కూర్చున్నవాని పంచె తడియును. బయట నిలుచు బండికి పైముక్క ఏకముగా నుండి, కుట్టు ప్రక్కకు దిగియుండుటయే సరియైన పని. గిరాకీ ఒప్పుకొనకపోయినచో చెప్పి చూడవలెను.

మన సీమ ఎండ చలులు కూడ ఈ పనిలో పాలుపంచుకొనును. ఆదిలాబాదున కొన్ని శీతకాలములలో తెల్లవారుజామున 5 డిగ్రీలకు దిగువగా కూడ చలి పడును. ఆ చలిలో రెక్సిను బిరుసెక్కి లాగినను సాగదు. రామగుండమున వేసవిలో 45 డిగ్రీలు తాకునపుడు అదే రెక్సిను మెత్తనై, బలము తెలియక లాగినచో హద్దు మీరి సాగును. చలికాలమున ముక్కను ఒక గడియ ఎండలో పరచి వెచ్చబెట్టిన పిమ్మట సీటుకు ఎక్కించవలెను. వేసవిలో నీడన పని చేయవలెను. నల్లరంగు తొడుగు మే నెలలో ఎంత కాలునో బస్టాండు బయట ఆటో ఎక్కినవారికి మేము చెప్పనక్కరలేదు.

మొదటి పని మోటారు సైకిలు సీటు కావలెను. దానికి సుమారొక మీటరు సరకు చాలును, చెడినను నష్టము కొద్ది. ఆ నష్టము మాత్రము కుట్టినవాడే భరింపవలెను, గిరాకీ భరింపడు. తరువాత ఆటో సీటు. కారు సీటు చివరకు. కారు విషయమున ఒక హెచ్చరిక కలదు. నేటి కార్లలో కొన్నింటికి ప్రక్క ఎయిర్‌బ్యాగు సీటు వీపు అంచులోనే యుండును. అక్కడ ‘ఎయిర్‌బ్యాగ్’ అను చిన్న చీటీ కుట్టబడి యుండును. కారు గుద్దుకొన్నపుడు ఆ సంచి రెప్పపాటు కన్న తక్కువ కాలములో సీటు కుట్టును చీల్చుకొని బయటికి రావలెను. దానిపై గట్టిదారముతో బిగువైన తొడుగు వేసినచో, ప్రాణము కాపాడవలసిన సంచి లోపలనే చిక్కుపడవచ్చును. ఆ ప్రక్క తెరచి యుండునట్లు కుట్టుట తెలిసినవారే అట్టి కారు ముట్టవలెను. తెలియనివారు పని వదలుకొనవలెను. గిరాకీ పోయినను సరే.

తొడుగు ఎక్కించిన తరువాత ఒకరిని కూర్చుండబెట్టి లేపి చూడవలెను. లేచిన వెంటనే మడతలు ఏ మూలకు పోవుచున్నవో గమనింపవలెను. మడత అడుగు పలకవైపు పోయినచో, అక్కడి మేకులు ఊడదీసి మరల లాగి కొట్టినచో సరిపోవును. కుట్టువైపు పోయినచో తొడుగు వదులైనదన్నమాట. పాత కుట్టుకు కొంచెము లోపలగా రెండవ కుట్టు వేసినచో పాతచిల్లులు లోపలి వాసిలో దాగిపోవును. బిగువైన తొడుగును వదులు చేయుటకు మాత్రము ఉపాయము లేదు, చిల్లులన్నియు పైకి కనబడును. కనుక మొదటి కుట్టును కొద్ది వదులుగానే వేసికొనవలెను.