మంచు కప్పు కింద సీల్ కాపురం

సికింద్రాబాద్ పక్కనే, హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ పరిశోధన సంస్థ పేరు చెబితే అందరికీ డీఎన్ఏ పరీక్షలే గుర్తొస్తాయి. 2007 ఆగస్టులో మన దేశం ఆర్కిటిక్‌కు పంపిన తొలి శాస్త్ర బృందంలో ఆ సంస్థ శాస్త్రవేత్త ఎస్. శివాజీ ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు. చలికి తట్టుకునే బ్యాక్టీరియా మీద ఆయన పని. బృందం దిగింది నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, నీ-ఆలెసుండ్ అనే చిన్న ఊళ్లో. మరుసటి ఏడాది జూలై 1న మన 'హిమాద్రి' పరిశోధన కేంద్రం అక్కడే మొదలైంది. ఉత్తర ధ్రువం అక్కడికి 1200 కిలోమీటర్లు. ఊరి ముందే కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపాయ. చెవుల్లేని సీల్స్‌కు అది పుట్టినిల్లు.

చెవుల్లేవంటే వినపడదని కాదు. బయటికి కనిపించే చెవి డొప్పలు లేవు, కన్నాలున్నాయి. సర్కస్‌లో బంతి ఆడించే సీలయన్‌కు డొప్పలుంటాయి, వెనక రెక్కలను ముందుకు మడిచి నేల మీద నడుస్తుంది కూడా. మన సీల్‌కు ఆ వీలు లేదు. నేల మీద పొట్టతో పాకాల్సిందే. నీళ్లలో మాత్రం వెనక రెక్కలు అటూ ఇటూ ఆడిస్తూ దూసుకుపోతుంది. దాని ముక్కు రంధ్రాలు మామూలుగా మూసుకునే ఉంటాయి, తెరవడానికే కండరం పనిచేయాలి. ఊపిరి తీసుకోవడం దానికి అప్పుడప్పుడూ చేసే పని మరి!

వీటిలో చిన్నది రింగ్డ్ సీల్. నిడివి మీటరున్నర అటూఇటూగా ఉంటుంది. చలికాలంలో సముద్రం గడ్డకడుతున్నప్పుడే ముందు రెక్కల గోళ్లతో గడ్డను గీరి కన్నం చేసుకుంటుంది. గడ్డ మందం పెరిగేకొద్దీ గీరుతూనే ఉంటుంది, రెండు మీటర్ల మందమైనా కన్నం పూడనివ్వదు. కన్నం పైన గాలికి మంచు మేట వేస్తే, అందులో గుహ తొలిచి మార్చి, ఏప్రిల్ నెలల్లో పిల్లను కంటుంది. పిల్ల బరువు నాలుగైదు కిలోలే. ఒంటిమీద తెల్లటి ఉన్ని ఉంటుంది కానీ చర్మం కింద కొవ్వు ఇంకా పట్టదు. చలి నుంచి, ధ్రువపు ఎలుగుబంటి నుంచి దాన్ని కాపాడేది ఆ మంచు కప్పే. ఎలుగు వాసన పట్టి, ముందు కాళ్లతో కప్పు మీద దబ్బున పడి గుహను కూలగొడుతుంది. దొరికితే కొవ్వు ముందు తింటుంది, మిగిలింది ఆర్కిటిక్ నక్కలకు, గల్ పక్షులకు. సీల్ తినేదేమో పోలార్ కాడ్ చేపలూ, రొయ్య జాతి చిన్న ప్రాణులూ. నీళ్లలోని ఆహారం మంచు మీదికి చేరే ప్రధాన దారి సీలే.

కాంగ్స్‌ఫ్యోర్డ్‌లో 2006 నుంచి లెక్క మారింది. వెచ్చని అట్లాంటిక్ నీరు లోపలికి రావడంతో చాలా చలికాలాలు ఆ పాయ సరిగా గడ్డకట్టలేదు. ఇక్కడ నా దృష్టిలో అసలు సమస్య చలి తగ్గడం కాదు, మేట తగ్గడం. హిమనదం నుంచి విరిగిపడిన ముక్కలు సముద్రపు గడ్డలో ఇరుక్కుంటేనే, వాటి చాటున గాలికి మంచు పేరుకుంటుంది. గడ్డ ఆలస్యంగా కడితే మేటకు టైము చాలదు. అప్పుడు పిల్ల ఆరుబయట పుడుతుంది, దాన్ని గల్ పక్షులు కూడా పొడుస్తాయి.

నష్టం అందరికీ ఒకేలా లేదు. పక్కనున్న ప్రిన్స్ కార్ల్స్ దీవిలో ప్రపంచంలోకెల్లా ఉత్తరాన బతికే హార్బర్ సీల్స్ ఉన్నాయి. అవి గట్టు మీద ఈనుతాయి కాబట్టి వాటికి గడ్డతో పనిలేదు. బియర్డెడ్ సీల్స్ హిమనదాల నుంచి ఊడిపడిన ముక్కల మీదే పిల్లల్ని కంటున్నాయి. రింగ్డ్ సీల్స్ కూడా మేతకు హిమనదం అంచుకే చేరుతున్నాయి, కరిగిన నీరు పైకి పొంగే చోట తిండి పోగవుతుంది. కానీ పిల్లకు గుహ అక్కడ దొరకదు. పైగా ఆ హిమనదాలూ వెనక్కి జరుగుతున్నాయి. అంచు నేల మీదికెక్కిన రోజు సముద్రంలోకి ముక్కలు పడవు, ఆ మేత చోటూ ఉండదు.

ఆర్కిటిక్‌లో సముద్రపు గడ్డ ఎంత విస్తీర్ణంలో కరిగిందో ఏటా సెప్టెంబరులో పత్రికలు రాస్తాయి. రింగ్డ్ సీల్ సంగతి తెలియాలంటే ఆ అంకె చాలదు. ఏప్రిల్‌లో గడ్డ మీద మంచు ఎంత లోతున పేరుకుందో కూడా చూడండి.