వాయువుల మోల్ గణన: అణువు, పరమాణువు పదాల భేదం

వ్యాససంగ్రహం: వాయువుల మోల్ లెక్కలలో దొర్లే పొరపాట్లలో కొన్నింటికి మూలం గణితంలో కాక పదాల వాడుకలో ఉంది. అణువు, పరమాణువు అనే పదాల భేదాన్నీ, 22.4 లీటర్ల విలువ వర్తించే పరిస్థితులనూ ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మోల్, అణువు, పరమాణువు, మోలార్ ఘనపరిమాణం, పరిభాష.

1. ఉపోద్ఘాతం

తెలుగు రసాయనశాస్త్ర పరిభాషలో మూలకపు అతి చిన్న కణం ‘పరమాణువు’. పరమాణువుల కలయికతో ఏర్పడేది ‘అణువు’. అయితే వ్యవహారంలో ‘అణుబాంబు’, ‘అణుశక్తి’, ‘అణు విద్యుత్తు’ అనే మాటలు స్థిరపడ్డాయి. వీటిలోని ‘అణు’ శబ్దం రసాయనశాస్త్రం చెప్పే అణువును కాక, పరమాణువును, మరింత కచ్చితంగా పరమాణు కేంద్రకాన్ని సూచిస్తుంది. హిందీలో ‘పరమాణు బమ్’ అనే చోట తెలుగులో ‘అణుబాంబు’ అంటారు. ఈ ద్వంద్వార్థం సాధారణ వ్యవహారానికి అడ్డు రాదు. మోల్ లెక్కలో మాత్రం అది సమాధానాన్నే మార్చివేస్తుంది.

2. చారిత్రక నేపథ్యం

ఈ భేదం స్పష్టం కావడానికి ఐరోపాలోనూ అర్ధశతాబ్దం పట్టింది. వాయువులు సరళమైన ఘనపరిమాణ నిష్పత్తులలో చర్య జరుపుతాయని 1808లో గేలుసాక్ ప్రకటించాడు. రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటరు ఆక్సిజన్‌తో కలిసి రెండు లీటర్ల నీటిఆవిరిని ఇస్తుంది. ఆక్సిజన్ కణం విడదీయరాని ఒంటరి పరమాణువే అయితే, ఒక్కొక్క కణం నుండి రెండేసి నీటి కణాలు ఏర్పడడం అసాధ్యం. అందువల్ల డాల్టన్ ఈ ఫలితాలను అంగీకరించలేదు. 1811లో అవొగాడ్రో దీనికి పరిష్కారం చూపాడు. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సమాన ఘనపరిమాణాలు గల వాయువులలో అణువుల సంఖ్య సమానమనీ, ఆ అణువులు చర్యలో విడిపోగలవనీ ప్రతిపాదించాడు. 1860లో కార్ల్‌స్‌రూ సమావేశంలో కానిజారో సమర్థించిన తరువాతే ఈ భావన ప్రాచుర్యం పొందింది.

3. గణన విధానం

ఒక మోల్‌లో 6.02214076 × 10²³ కణాలుంటాయి. ఈ నిర్వచనం 2019 మే 20 నుండి అమలులో ఉంది. ఆ కణం అణువో, పరమాణువో, అయానో చెప్పనిదే మోల్ అనే మాట అసంపూర్ణం. ద్రవ్యరాశిని మోలార్ ద్రవ్యరాశితో భాగిస్తే మోల్‌ల సంఖ్య వస్తుంది. దానిని మోలార్ ఘనపరిమాణంతో గుణిస్తే వాయువు ఘనపరిమాణం తెలుస్తుంది.

16 గ్రాముల ఆక్సిజన్ వాయువును ఉదాహరణగా తీసుకుంటే, ఆక్సిజన్ అణువుల మోలార్ ద్రవ్యరాశి 32 గ్రాములు కనుక అందులో ఉన్నవి 0.5 మోల్‌లు. 0° సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ వద్ద దాని ఘనపరిమాణం 11.2 లీటర్లు. అణువును పరమాణువుగా పొరబడి 16తో భాగిస్తే 1 మోల్, 22.4 లీటర్లు వస్తాయి. సూత్రం సరైనదే అయినా సమాధానం రెట్టింపయింది.

4. 22.4 పరిమితి

22.4 లీటర్లు అన్ని సందర్భాలకూ చెల్లే విలువ కాదు. పీడనం మారకుండా ఉష్ణోగ్రత పెరిగితే అవే అణువులు ఎక్కువ చోటును ఆక్రమిస్తాయి. ఆదర్శ వాయువు మోలార్ ఘనపరిమాణం 0° సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ వద్ద 22.414 లీటర్లు, 0° సెల్సియస్, 1 బార్ వద్ద 22.711 లీటర్లు, 25° సెల్సియస్, 1 బార్ వద్ద 24.79 లీటర్లు. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం 1982లో ప్రమాణ పీడనాన్ని 1 బార్‌గా మార్చింది. 11 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌లో 0.25 మోల్‌లు ఉంటాయి. ఆదర్శ వాయువుగా భావిస్తే పై మూడు పరిస్థితులలో దాని ఘనపరిమాణం వరుసగా 5.60, 5.68, 6.20 లీటర్లు. కనుక ‘ప్రమాణ పరిస్థితులు’ అని మాత్రమే రాయక, ఉష్ణోగ్రతనూ పీడనాన్నీ అంకెలతో తెలపడం అవసరం.

5. ముగింపు

‘అణుబాంబు’ వంటి రూఢపదాలను మార్చనవసరం లేదు. కాని తెలుగులో విజ్ఞానశాస్త్రం బోధించేటప్పుడు ఆ వాడుకకూ పరిభాషకూ గల తేడాను మోల్ పాఠానికి ముందే వివరించాలి. పరిభాషలో స్పష్టత లోపించిన చోట గణితం ఎంత కచ్చితంగా ఉన్నా ఫలితం తప్పుతుంది.