విమానము నడుపుటకు మూడు దారులు



ఇంటర్ చదువుచున్న పిల్లలున్న ఇండ్లకు వెళ్లినప్పుడు మమ్మును కొందరు అడుగుచుందురు: "అయ్యగారూ, మా వాడు పైలట్ అవుతానంటున్నాడు. పొలం అమ్మి చదివించమంటారా?" ఆ కోరిక మంచిదే. అయితే పొలము మాట ఎత్తకముందు దారులను తెలిసికొనవలెను. అవి ముఖ్యముగా మూడు.

మొదటిది వైమానిక దళము. గణితము, భౌతికశాస్త్రము చదువు పిల్లలు యు.పి.ఎస్.సి. ఏటా రెండుసార్లు జరుపు ఎన్.డి.ఎ. పరీక్ష వ్రాయవచ్చును. వయస్సు సుమారు 16½ నుండి 19½ ఏండ్ల మధ్య ఉండవలెను. ఎంపికైనవారు పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో 3 ఏండ్లు చదివి, తరువాత విమాన శిక్షణ పొందుదురు. 2022 నుండి ఆడపిల్లలును అక్కడ చేరుచున్నారు. డిగ్రీ అయినవారికి సి.డి.ఎస్., ఏఎఫ్‌క్యాట్ పరీక్షలున్నవి. హైదరాబాదు ప్రక్కనున్న దుండిగల్‌లోనే వైమానిక దళ అకాడమీ ఉన్నది. శిక్షణ ఖర్చంతయు ప్రభుత్వమే భరించును. కాని ఇది సైనిక జీవితము. యుద్ధము వచ్చినయెడల వెళ్లవలసినదే. పైలట్‌గా పనికివచ్చునో లేదో చూచు యంత్ర పరీక్షలో ఒకసారి తప్పినవారికి ఆ విభాగములో మరల అవకాశముండదు.

రెండవది ఫ్లయింగ్ స్కూలు. డి.జి.సి.ఎ. ఇచ్చు కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏండ్లు నిండవలెను, 200 గంటలు విమానము నడిపియుండవలెను, వాతావరణము, విమానయాన నిబంధనలు మొదలైన పరీక్షలు నెగ్గవలెను. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వపు అకాడమీ కలదు. ఖర్చు సుమారు అర కోటి రూపాయలు. పెద్ద జెట్ విమానము నేర్చుకొనుటకు మరికొన్ని లక్షలు కావలెను. విదేశములో లైసెన్సు పొందినవారు ఇక్కడి పరీక్షలు మరల వ్రాయవలెను. లైసెన్సు చేతికి వచ్చినంత మాత్రమున ఉద్యోగము వచ్చినట్లు కాదు.

మూడవది కేడెట్ పథకము. ఇండిగో, ఎయిర్ ఇండియా వంటి సంస్థలు ముందే పిల్లలను ఎంపికచేసి, తాము కుదుర్చుకొనిన స్కూలుకు పంపును. ఉద్యోగమునకు దారి కొంత స్పష్టముగా నుండును. అయితే సాధారణముగా ఖర్చు కుటుంబముదే, అది రెండవ దారికంటె ఎక్కువ. షరతులన్నియు చదివిన తరువాతనే సంతకము చేయవలెను.

విమాన సంస్థలు స్థిరమైనవని అనుకొనరాదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు అనుభవమున్న పైలట్లే వీధిన పడిరి. అప్పుచేసి అప్పుడే లైసెన్సు తెచ్చుకొనిన పిల్లల సంగతి ఆలోచించుడి.

గనుక మేము చెప్పునది ఒక క్రమము. మొదట డి.జి.సి.ఎ. గుర్తించిన వైద్యునియొద్ద పరీక్ష చేయించుడి. దానికగు ఖర్చు లక్షలలో కాదు, వేలలోనే. రంగులు గుర్తించలేని కన్ను, గుండె జబ్బు వంటివి అక్కడనే తెలియును. రెండవది, వయస్సు దాటకముందే ఎన్.డి.ఎ. వ్రాయించుడి. అది తప్పినయెడల డిగ్రీలో చేర్పించుడి. ఏ దారి మూసుకొనిపోయినను ఆ చదువు అక్కరకు వచ్చును. ఇవన్నియు అయిన తరువాతనే డబ్బు మాట. లైసెన్సు వచ్చి రెండేండ్లు ఉద్యోగము లేకున్నను వాయిదాలు కట్టగలమా అని భార్యాభర్తలు కూర్చుండి లెక్క వ్రాసికొనుడి. కట్టలేమని తేలినయెడల బిడ్డతో దాపరికము లేకుండ చెప్పుడి. పొలము ఒకసారి పోయిన తరువాత తిరిగి కొనుట కష్టము. వైమానిక దళపు దారికి దాని అవసరమే లేదు.