శ్రీకాళహస్తిలో శివరాత్రి

పుణ్యక్షేత్రమును సామాన్యదినమున దర్శించువానికి దేవుడు కనబడును. ఉత్సవదినమున దర్శించువానికి దేవునితోపాటు దేశమును కనబడును. ఈ యభిప్రాయముతోనే మేము మహాశివరాత్రి బ్రహ్మోత్సవములకై శ్రీకాళహస్తికి పోయియుంటిమి. గూడూరునుండి రేణిగుంటకు పోవు రైలుమార్గమున, తిరుపతికి ఇంచుమించు ముప్పదియాఱు కిలోమీటర్ల దూరమున, సువర్ణముఖీనది యొడ్డున ఈ పట్టణము కలదు. చిరకాలము చిత్తూరు జిల్లాలోనిదై, 2022 ఏప్రిల్ నెలలో నేర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. మేమెక్కిన బండిలో నెల్లూరు సీమ రైతులును, రాయలసీమ కాపులును, తమిళసోదరులును కిక్కిఱిసియుండిరి. ఒకరి భాష యొకరికి సగమే తెలియును. అయినను శివనామోచ్చారణమునకు దుబాసీ యక్కఱలేకపోయినది.

ఈ క్షేత్రమున బ్రహ్మోత్సవములకు నాందియే యొక విశేషము. ఇతరక్షేత్రములందు స్వామి ధ్వజస్తంభముపై మొదట పతాక మెత్తుదురు. ఇచ్చట తొలిదినమున కొండపైనున్న కన్నప్ప సన్నిధిలో భక్తుని ధ్వజారోహణము జరిగినపిమ్మటనే మఱునాడు స్వామివారి ధ్వజారోహణము జరుగును. కన్నప్ప యెవడు? వేటకాడు. శాస్త్రము నెఱుగనివాడు, ఆచారమును పాటింపనివాడు, నోటితో నీరు తెచ్చి యభిషేకించినవాడు, తాను రుచిచూచిన మాంసమును నివేదించినవాడు. దేవుని కంట నెత్తురు కాఱగా తన కన్నును పెకలించి యర్పించినవాడు. అఱువదిమువ్వురు నాయనార్లలో నతడొకడై తమిళదేశమునను, తిన్నడను పేర మన తెనుగునాటను పూజితుడైనాడు. ప్రభువుకంటె ముందు భక్తునకు, పండితునికంటె ముందు పామరునకు పతాకమెత్తు ఈ యాచారమును మన పూర్వు లేర్పఱచిరి. కులగర్వమును, ధనగర్వమును వెంటబెట్టుకొని ఈ కొండయెక్కువారు ఆ జెండాను తలయెత్తి చూచినచో చాలును; వేఱొక యుపన్యాస మక్కఱలేదు.

సాలెపురుగు శ్రీ, పాము కాళము, ఏనుగు హస్తి. ఈ మూటి భక్తివలన నూరికి శ్రీకాళహస్తి యని పేరు వచ్చినదని స్థలపురాణము చెప్పుచున్నది. పంచభూతలింగములలో నిచ్చటిది వాయులింగము. గర్భాలయమున గాలి చొరబడు మార్గము కానరాకున్నను, అచ్చటి దీపమొకటి రెపరెపలాడుచుండుట వాయుసాన్నిధ్యమునకు నిదర్శనముగా భక్తులు చూతురు. మూలలింగమును అర్చకులైనను చేతితో తాకరాదను నియమము కలదు. స్వామి పడమటిమొగమై యుండును. తూర్పుదిక్కుగా ప్రవహింపవలసిన సువర్ణముఖి యీ స్థలమున ఉత్తరవాహినియై యాలయపార్శ్వము నొరసికొని పోవుచున్నది. ఒకవంక కొండ, ఒకవంక నది, నడుమ గుడి. ప్రకృతియే ప్రాకారములు కట్టినట్లుండును.

శివరాత్రినాటి రాత్రి మేము నాలుగు మాడవీథులను తిరిగితిమి. స్వామి నందివాహనముపైనను, జ్ఞానప్రసూనాంబ సింహవాహనముపైనను వెడలినప్పుడు మేడలపైనివారును, అరుగులపైనివారును, వీథినున్నవారును నొక్కమాఱు చేతులు మోడ్చిరి. మా ప్రక్కన నొక వృద్ధకృషీవలుడు తన మనుమని భుజములపై నిలిపికొని, “చూడరా అబ్బోడా, ఎద్దుమీద పోయే సామి మన సామే” యనెను. ఆ మాటలో ఎంత యర్థము! సేద్యగాని యెద్దును దేవుని వాహనముగా భావించిన జాతి, సేద్యమును నీచమని తలంచు నాగరకతకు లొంగిపోవుచున్నదిగదా యని మేము చింతిల్లితిమి. అర్ధరాత్రమున లింగోద్భవదర్శనము. మఱునాడు రథోత్సవము. రథపు మోకులను పట్టి లాగువారిలో నెవరు భూస్వామియో, ఎవరు కూలియో గుర్తింప నలవిగాకుండెను. నారదపుష్కరిణిలో తెప్పోత్సవమును, తరువాత పార్వతీపరమేశ్వరుల కల్యాణమును జరుగును. ఆ కల్యాణవేళనే పెక్కు పేదజంటలు స్వామి సాక్షిగా వివాహమాడుట ఇచ్చటి యాచారము. ఒక్క పెండ్లికి రెండెకరములు తాకట్టుపెట్టు మన గృహస్థులు ఈ దృశ్యమును తప్పక చూడవలెను.

ఇంతవఱకు మేము చెప్పినది సంతోషము. ఇక విచారమును చెప్పవలసియున్నది.

శ్రీకృష్ణదేవరాయలు 1516 సంవత్సరమున ఇచ్చట నూఱుకాళ్ల మంటపమును, ఏడంతస్తుల గాలిగోపురమును కట్టించెను. దాదాపు ఐదువందల యేండ్లు ఆ గోపురము ఎండలను, వానలను, పిడుగులను సహించినది. విజయనగరము కూలిపోయిన పిదపను అది నిలిచినది. కర్ణాటకనవాబుల కలహములను, కుంపిణీ దొరతనమును, జమీందారీలను, స్వరాజ్యమును అది చూచినది. అట్టి గోపురము 2010 మే 26వ తేదీ రాత్రి పేకమేడవలె కుప్పకూలెను. దానిపై బీటలు అంతకుముందే యున్నవి. చివరిదినములలో నవి విస్తరించుట కనిపెట్టి ప్రజలను దూరముగా తొలగించుటచే ప్రాణనష్టము లేకపోయినది. అది యొక్కటే ఊరట. తరువాత ఆ స్థలముననే నూతనగోపురమును నిర్మించి 2017 ఫిబ్రవరిలో కుంభాభిషేకము గావించిరి.

మేమా క్రొత్తగోపురము క్రింద నిలిచి తలయెత్తి చూచితిమి. శిల్పుల శ్రమ శ్లాఘనీయమే. కాని రాయల గోపురము రాయల గోపురమే. రాయి మరల దొరకును, సున్నము మరల దొరకును, ధనము మరల దొరకును. ఐదువందల యేండ్లు మరల దొరకవు. కూలిన దినమున కన్నీరుకార్చిన జనులు లక్షలు. బీట పుట్టిన దినమున దానిని చూచి కలతజెందినవా రెందఱు? మన జాతికి కూలినదానిని తిరిగి కట్టు శక్తి కలదు. కూలకుండ కాపాడు నోర్పు కొఱవడినది. ఇది యొక గోపురమునకు చెందిన మాట మాత్రమే కాదు.

సువర్ణముఖిని చూడుడు. ఆలయమును కట్టిన కూలీలు సాయంకాలమున ఏటి యిసుకను దోసిటబట్టగా, అది వారివారి పనికి తగినట్లు బంగారమయ్యెడిదనియు, అందుచేతనే నదికి ఆ పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. మాఘమాసాంతమున మేము చూచునప్పటికి నదిలో నీరు లేదు. స్నానమునకు వచ్చిన స్త్రీలు ఇసుకలో నడచి నడచి, చివఱకు కొళాయి నీటిని తలపై చల్లుకొని మరలిరి. చంద్రగిరి ప్రాంతపు కొండలనుండి దిగివచ్చి బంగాళాఖాతమున గలియు ఈ యేఱు వర్షాధారమైనదే, మొదటినుండియు నిండుజీవనది కాదు. కాని యిసుక యున్నంతకాలము ఇసుకక్రింద నీరుండెడిది; చెలమ త్రవ్వినచో నూరెడిది; ఇరుగట్ల బావులకు ఊటయుండెడిది. నేడు కట్టడములకు నేటియిసుకయే కావలెను. స్థలపురాణములోని మాట నిజమైనది. ఇసుక బంగారమైనది. కాని ఆనాడు పనిచేసినవానికి పనికి తగినంత లభించినది. నేడు పనిచేయనివానికి పట్టినంత లభించుచున్నది. 2021 నవంబరు వఱదలలో నీ నదియే యుగ్రరూపము దాల్చి వంతెనలను, పొలములను ముంచివైచెను. కాలువలు, చెఱువులు పూడిపోయిన సీమలో నీరు వచ్చిన నాడు శత్రువు, రాని నాడును శత్రువే. దక్షిణకైలాసమునకు గంగ యెండిపోయినచో, ఆ బీట గోపురపు బీటకంటె చిన్నదియా?

మఱియొక బీట ఊరిలోనే కలదు. శ్రీకాళహస్తి కలంకారీ లోకవిఖ్యాతము. వెదురుపుల్ల మొనకు చుట్టిన గుడ్డ కలముతో, కరక్కాయయు పాలును పట్టించిన నూలువస్త్రముపై రామాయణ భారతములను వ్రాయుదురు. కాల్చిన చింతపుల్లల బొగ్గుతో రేఖలు గీయుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవైచి నల్లరంగును చేయుదురు. పటికతో ఎఱుపును పట్టింతురు. ఒక్కొక్క రంగునకు గుడ్డను పాఱునీటిలో జాడింపవలెను. నది యెండిన కలము నెండును. గుళ్లలో దేవతావిగ్రహములవెనుక వ్రేలాడదీయు తెరలకై పుట్టిన ఈ విద్య గతశతాబ్దమున నశించు స్థితికి వచ్చినప్పుడు, 1957లో నిచ్చట శిక్షణకేంద్రమును నెలకొల్పుటచే నిలువగలిగినది. దానికి భౌగోళికమైన గుర్తింపును వచ్చినది. కాని యంత్రముపై నచ్చువేసిన గుడ్డకును ఇదే పేరుపెట్టి చౌకగా నమ్ముచున్నప్పుడు, నెలలకొలది వంగి గీసినవాని గతి యేమి? ఉత్సవమునకు వచ్చిన వేలజనులలో నొక కలంకారీ పనివాని వాకిలి త్రొక్కినవారిని మేము వ్రేళ్లపై లెక్కింపగలిగితిమి.

యాత్రికులనుగూర్చియు నొక మాట. నేడు సంవత్సరమంతయు నిచ్చటికి వచ్చువారిలో పెక్కుమంది రాహుకేతుదోషనివారణమునకై వచ్చుచున్నారు. వారి విశ్వాసమును మేము నిందింపము. కాని పూజ ముగించి, గంటలో కారెక్కి, నూఱుకాళ్ల మంటపమును గాని, కన్నప్పకొండను గాని, గోడలపైని శాసనములను గాని కన్నెత్తియైన చూడక మరలువారు దోషము నేమి నివారించుకొనిరి? చోళుల కాలమునాటినుండి రాజులు, సామాన్యులు తమ దానధర్మములను ఆ రాళ్లపై వ్రాయించిరి. ఈ సీమ నేలిన దామెర్ల ప్రభువుల మూలముననే 1639లో నాంగ్లేయులకు సముద్రతీరమున స్థలము లభించి, చెన్నపట్టణమునకు పుట్టుక కలిగినది. దామెర్ల చెన్నప్ప పేరనే ఆ పట్టణమునకు పేరు వచ్చెనని ప్రతీతి. తన యూరి గోడలపైని యక్షరములను చదువలేని జాతి పరుల గ్రంథములలో తన చరిత్రను వెదకికొనవలసివచ్చును.

ఇచ్చటనే ధూర్జటి మహాకవిని స్మరింపవలెను. రాయల యాస్థానకవులలో నొకడని ప్రసిద్ధినందిన యతడు ఈ స్వామిపై మాహాత్మ్యకావ్యమును, శతకమును రచించెను. శతకమున రాజసేవను నతడు ఏవగించుకొన్నట్లు మఱియొక తెనుగుకవి యేవగించుకొనలేదు. రాజు గోపురమును కట్టించెను. కవి శతకమును కట్టెను. గోపురము కూలినది, శతకము నిలిచినది. కారణము స్పష్టము. గోపురమును కాపాడుట యెవరో యొకరి పనియని యందఱును అనుకొనిరి. శతకమును ప్రతితెనుగువాడును తన నోటిలో దాచుకొనెను. పదిమంది తమదిగా భావించినదానికి చేటు లేదు.

కాబట్టి మా మనవి యిది. దేవాలయరక్షణ మనగా హుండీలో కానుక వేయుట మాత్రమే కాదు. నదీతీరమున భూములుగల గృహస్థులారా, మీ గ్రామపు చెఱువు పూడిక తీయించుట, సప్లయికాలువను కబళింపకుండుట, ఏటిలోని యిసుకను రాత్రివేళ తరలించువారిని గ్రామస్థులందఱు కూడి నిలువరించుట, ఇవి స్వామికి చేయు నభిషేకములే. పట్టణవాసులారా, మీ యింట పెండ్లికి ఒక్క కలంకారీ వస్త్రమును చేతిపనివాని నుండియే కొనుడు. విద్యార్థులను గుడికి తీసికొనిపోయినప్పుడు శాసనమొకటి చదివించి వినిపింపుడు. ప్రాతకట్టడముపై బీట కనబడినచో అధికారులకు వ్రాయుడు. బదులు రాకున్న మరల వ్రాయుడు. కూలినపిమ్మట చందాలెత్తుటకంటె ఇది చౌక.

కల్యాణానంతరము స్వామి యంబికాసమేతుడై కైలాసగిరికి ప్రదక్షిణము గావించును. పెండ్లికి విచ్చేసిన దేవతలను, ఋషులను సాగనంపుటకని పెద్దలందురు. కనుమనాడు పిలుచుటకు నొకమాఱు, పెండ్లియైనపిమ్మట సాగనంపుటకు నొకమాఱు, ఏటేట నిట్లు స్వామి గుడి వదలి కొండచుట్టును నడచును. తెల్లవాఱుజామున మేమును జనముతో గలిసి బయలుదేఱితిమి. దారిపొడుగున పల్లెలవారు చలివేంద్రములు పెట్టిరి. ఒకచోట మజ్జిగ, ఒకచోట పులిహోర. పేరడిగినవాడు లేడు, కులమడిగినవాడు లేడు. వెనుకకు తిరిగి చూడగా కొండపై కన్నప్ప గుడియు, క్రింద క్రొత్తగోపురమును, దాని ప్రక్కన నెండిన యేఱును నొక్కచూపున కనబడినవి. దేవుడు సంవత్సరమున రెండుమాఱులు తన యెల్లలను చుట్టివచ్చి చూచికొనుచున్నాడు. మన యెల్లలను మన మొక్కమాఱైన చుట్టి చూచికొనవలదా? రాబోవు శివరాత్రికి శ్రీకాళహస్తికి పోవువారు కన్నప్ప జెండాకు మ్రొక్కి, ఏటిలోనికి దిగి, దోసెడిసుక చేతబట్టి యొక్కక్షణ మాలోచింపుదురుగాక.