శిరస్త్రాణం దేనిని కాపాడుతుంది?

ఫుట్‌బాల్ అనగానే మనకు గుండ్రని బంతి, దానిని కాలితో తన్నే ఆటగాళ్ళు గుర్తుకు వస్తారు. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట ఇది కాదు. వారి బంతి కోలగా ఉండి, రెండు కొసలా మొనదేలి ఉంటుంది. బరువు సుమారు 400 గ్రాములు. దానిని చేత పట్టుకొని పరుగెత్తుతారు, లేదా దూరాన ఉన్న తోటి ఆటగానికి విసురుతారు. జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో కనీసం 10 గజాలు ముందుకు సాగాలి. సాగలేకపోతే బంతి ఎదుటివారి వశమవుతుంది. బంతితో పరుగెత్తేవాణ్ణి ఎదుటి జట్టువారు ఒడిసిపట్టి నేలకు పడగొడతారు. దీనిని ‘టాకిల్’ అంటారు.

ఈ ఆట అమెరికాలో కళాశాల విద్యార్థుల మధ్యనే పుట్టింది. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన పోటీని మొదటిదిగా చెబుతారు. ఆనాడు జట్టుకు 25 మంది ఆడారు. నేడు ఇతర దేశాల విశ్వవిద్యాలయాలలో కూడా ఈ ఆటకు క్లబ్బులున్నాయి.

క్లబ్బులో కొత్త సభ్యుడు

బ్రిటన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ విద్యా సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మొదలవుతుంది. మొదటి వారాలలో క్రీడా క్లబ్బులన్నీ వరుసగా బల్లలు వేసుకొని కొత్త విద్యార్థులను ఆహ్వానిస్తాయి. మన తెలుగునాట నుండి పై చదువులకు వెళ్ళిన వారికి కూడా ఆ ఆహ్వానం అందుతుంది. అక్కడి బడి పిల్లలు ఆడేది ఎక్కువగా సాకర్, రగ్బీ. అందువల్ల అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బులో చేరేవారిలో చాలామంది ఆ బంతిని అంతకుముందు ముట్టుకొని కూడా ఉండరు. బొద్దుగా ఉన్నవానికీ, సన్నగా ఉండి వేగంగా పరుగెత్తేవానికీ, గురి చూసి విసిరేవానికీ ఇందులో వేర్వేరు స్థానాలున్నాయి.

కొత్త సభ్యుడు చందా కట్టి చేరుతాడు. అతని తలకు శిరస్త్రాణం, భుజాలకు గట్టి కవచం తొడుగుతారు. అద్దంలో చూసుకుంటే తనకు తానే యుద్ధవీరునిలా కనిపిస్తాడు. ఇక తనకు దెబ్బ తగలదనే ధైర్యం కలుగుతుంది. ఆ ధైర్యం ఎంతవరకు నిజమో భౌతికశాస్త్రాన్ని అడిగి తెలుసుకుందాం.

మెత్త చేసే పని

90 కిలోగ్రాముల ఆటగాడు సెకనుకు 6 మీటర్ల వేగంతో పరుగెత్తుతున్నాడనుకోండి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే అతని ద్రవ్యవేగం వస్తుంది: 90 × 6 = 540 కిలోగ్రామ్ మీటర్/సెకను. అతడు ఆగాలంటే ఇదంతా సున్నా కావాలి. 0.1 సెకనులో ఆగితే అతనిపై పనిచేసే సగటు బలం 5,400 న్యూటన్‌లు. అదే 0.3 సెకనులో ఆగితే 1,800 న్యూటన్‌లు మాత్రమే. ఆగే కాలం పెరిగితే బలం తగ్గుతుంది. వేగంగా వచ్చే క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులను వెనక్కు లాగడంలోని రహస్యం ఇదే.

శిరస్త్రాణం లోపలి మెత్త కూడా ఈ పనే చేస్తుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో కదిలే తల 5 మిల్లీమీటర్ల దూరంలోనే ఆగిపోతే, సూత్రం ప్రకారం దాని రుణ త్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 250 రెట్లు ఉంటుంది. మెత్త నొక్కుకుపోయి ఆగే దూరం 25 మిల్లీమీటర్లు అయితే అది 50 రెట్లకు తగ్గుతుంది. పైనున్న గట్టి డిప్ప దెబ్బను ఒకే చోట పడనీయక పరుస్తుంది. అందుకే కపాలం పగలదు. ఇది చిన్న ఉపకారం కాదు.

కాని కపాలం లోపల ఏముంది?

ఒక చిన్న ప్రయోగం

ఒక గుండ్రని గిన్నెలో నీళ్ళు పోసి, నీరు కదలకుండా నిలిచిన తరువాత మధ్యలో అగ్గిపుల్లను తేల్చండి. ఇప్పుడు గిన్నెను రెండు చేతులా పట్టుకొని, పాలు చిలికే కవ్వంలా, ఒక్కసారిగా పావు చుట్టు తిప్పండి. గిన్నె తిరిగింది. అగ్గిపుల్ల మాత్రం దాదాపు మొదట ఉన్న దిక్కునే చూపుతూ ఉంటుంది. జడత్వం వలన నీరు గిన్నెతో పాటు వెంటనే తిరగలేదు. గిన్నెకు బయట ఎంత మందపు తువ్వాలు చుట్టినా ఫలితం మారదు. చేసి చూడండి.

మన మెదడు కపాలంలో మస్తిష్క మేరు ద్రవం మధ్య ఉంటుంది. అది జున్నులా మెత్తనిది. దెబ్బ తగిలి తల గిరుక్కున తిరిగినప్పుడు కపాలం ముందు కదులుతుంది, మెదడు వెనుకబడుతుంది. అప్పుడు సన్నని నాడీ తంతువులు సాగి, మెలిపడి, మెదడు పని కొంతకాలం తడబడుతుంది. దీనినే ‘కంకషన్’ అంటారు. శిరస్త్రాణం దీనిని పూర్తిగా ఆపలేదు, ఎందుకంటే దాని రక్షణ బయట ఉంది, కదలిక లోపల ఉంది.

చరిత్ర నేర్పిన పాఠం

1905లో అమెరికాలో ఈ ఆట ఆడుతూ కనీసం 18 మంది మరణించినట్లు అప్పటి పత్రికలు లెక్కకట్టాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రధాన కళాశాలల వారిని పిలిపించి మాట్లాడారు. 1906లో నియమాలు మారి, బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. ఆటగాళ్ళు గుంపుగా పైనబడటం తగ్గింది.

తరువాత ప్లాస్టిక్ శిరస్త్రాణాలు, ముఖానికి అడ్డుకమ్మీలు వచ్చాయి. రక్షణ పెరిగింది కదా, ప్రమాదం తగ్గిందా? తల గట్టిపడిందనే ధైర్యంతో ఆటగాళ్ళు తలనే ఆయుధం చేసుకొని పొట్టేళ్ళలా ఢీకొనసాగారు. ఒక్క 1968లోనే ఆటలో తగిలిన దెబ్బలకు 36 మంది మరణించారు.

మెడ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలుగా మెడలోని ఎముకల వరుస కొంచెం వంపుగా ఉండి, స్ప్రింగులా దెబ్బను మింగుతుంది. తల వంచి ఢీకొంటే ఆ వంపు పోయి, మెడ నిటారైన కడ్డీ అవుతుంది. ముందు తల ఆగిపోతుంది, వెనుక నుండి శరీరం బరువంతా తోసుకొస్తుంది. నడుమ మెడ నలుగుతుంది. వెన్నుపాము తెగితే ఇక కాళ్ళూ చేతులూ కదలవు.

అందుకే 1976లో అమెరికాలోని కళాశాలలు, ఉన్నత పాఠశాలలు తలతో ఢీకొనడాన్ని నిషేధించాయి. శిరస్త్రాణాలకు ప్రమాణాలు కూడా ఏర్పడ్డాయి. శిక్షకులు తల పైకెత్తి, భుజంతో పట్టే పద్ధతి నేర్పసాగారు. 1990లో ఆట దెబ్బలకు నేరుగా మరణించినవారు ఒక్కరు కూడా లేరు. పరికరంతో పాటు ప్రవర్తన మారినప్పుడే ఫలితం దక్కింది.

దాచకూడని దెబ్బ

మంచి క్లబ్బులో మొదటి పాఠం ఇదే: కళ్ళు ఎదుటివాని మీద ఉండాలి, తల పక్కకు ఉండాలి, దెబ్బ భుజం తీసుకోవాలి. రెండవ పాఠం ఇంకా కష్టమైనది. దెబ్బ తగిలితే చెప్పాలి.

కంకషన్ కలిగినవాడు స్పృహ తప్పాలనే నియమం లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, చూపు మసకబారడం, అడిగిందే మళ్ళీ అడగడం, ఇవన్నీ దాని గుర్తులు. స్కానింగులో ఏమీ కనిపించకపోవచ్చు. చేతికి కట్టు కనపడుతుంది గాని మెదడుకు కట్టు కనపడదు కదా! జట్టులో స్థానం పోతుందనే భయంతో, పిరికివాడంటారనే బిడియంతో కొందరు దానిని దాచిపెడతారు. మెదడు కోలుకోకముందే రెండవ దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు రావచ్చు. పిల్లలలో, యువకులలో ఈ ప్రమాదం ఎక్కువ.

బ్రిటన్ ప్రభుత్వం 2023లో ఔత్సాహిక క్రీడలకు సూచనలు ప్రకటించింది. వాటి ప్రకారం అనుమానం ఉన్న ఆటగాణ్ణి వెంటనే ఆటలోంచి తప్పించాలి. 24 గంటలలోపు వైద్య సలహా తీసుకోవాలి. కనీసం 21 రోజులు గడవనిదే అతడు పోటీలో దిగరాదు.

ఇది అమెరికన్ ఫుట్‌బాల్‌కు మాత్రమే చెందిన సంగతి కాదు. మన కబడ్డీ ఆటగాని తలకు శిరస్త్రాణం లేదు, కాని కపాలంలో ఉన్నది అదే మెదడు. కూతకు వెళ్ళిన మిత్రుడు తల నేలకు తగిలి పడిపోయి, లేచి తడబడుతూ ‘నాకేం కాలేదు’ అంటే అతని మాట నమ్మకండి. అతణ్ణి ఆటలోంచి బయటకు తీసుకువచ్చి కూర్చోబెట్టి, పెద్దలకు చెప్పి, వైద్యునికి చూపించండి. ఆ పోటీ ఓడిపోయినా మరో పోటీ ఉంటుంది.